కుచ్చుల గౌను

ఏప్రిల్ 20, ఆదివారం

పంకజ ఫోన్ చేసింది. వాళ్ల బంగారుపాళ్యంలో ఈసారి తోతాపురి మామిడి బాగా కాసిందట. వచ్చే నెల నుంచి వాళ్లాయన గిరిప్రసాద్‌కు గుజ్జు ఫ్యాక్టరీలో ఊపిరాడదట. ఆవు పాలు తగ్గించిందట. మా చెల్లెలు నోరు తెరిస్తే మూయదు కాబట్టి నేను ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మిషన్ తొక్కుతూ ఊ కొడుతున్నాను. పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి, “మహితకు వచ్చే నెల్లో ఏడు నిండతాయి గదక్కా” అంది.

అవునన్నాను. పిల్ల పుట్టినరోజు పిన్నమ్మకు గుర్తుండదా ఏమిటి. అంతే అయ్యుంటుంది.

ఏప్రిల్ 22

ఈరోజు ఫోన్ రాలేదు. మంచిదే.

ఏప్రిల్ 24

మహితకు ఫోన్‌లో గౌన్ల బొమ్మలు చూపించడం నాదే బుద్ధితక్కువ. పుత్తూరులో సగం మంది పిల్లల గౌన్లు నా మిషన్ మీదే పుడతాయి, వాటిలో ఒక్కటీ దీనికి నచ్చదు. భుజం దగ్గర నుంచి పాదం దాకా కుచ్చులే ఉన్న గౌను ఒకటి పట్టుకుని కూర్చుంది. పుట్టినరోజుకు అదే కావాలట. బొమ్మ కింద ఉన్న ఇంగ్లీషు మాటను కూడబలుక్కుని “రఫుల్” అని చదివింది.

మా ఆయన మునికుమార్ ఆటో నిలిపి అప్పుడే అన్నానికి వచ్చాడు. పదో తరగతి ఇంగ్లీషులో గట్టెక్కిన గర్వం ఆ మనిషికి ఇంకా పోలేదు. అర్థం వెతికి పైకి చదివాడు. రఫుల్ అంటే గుడ్డకు వేసే కుచ్చు. దువ్విన తల చెరపడం కూడా రఫులేనట. కోడి ఈకలు లేపుకోవడం, నిలకడగా ఉన్న నీళ్లను గాలి కదిలించడం, చివరికి మనిషిని కలతపెట్టడం కూడా అదేనట. ఇన్ని పనులకు ఒకే మాటేమిటి, వాళ్లకు మాటలు కరువా అన్నాను.

మునికుమార్ మహిత జుట్టు చెరిపి ఇది ఒక రఫుల్ అన్నాడు. అది పెరట్లోకి ఉరికి పిల్లల కోడిని రేపెట్టింది. కోడి ఈకలన్నీ విప్పుకుని మీదికి వస్తుంటే, ఇది ఇంకో రఫుల్ అని అరుస్తూ వచ్చి నా కొంగులో దూరింది. తొట్టిలో నీళ్లు ఊదింది. నవ్వలేక చచ్చాం. చివరి అర్థానికి మాత్రం ఎవరికీ ఆట తోచలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

వడమాలపేట నుంచి అమ్మ వచ్చింది. చేతిలో మునక్కాయలు, మొహం మీద ఏదో చెప్పాలన్న బరువు. మహిత ఆడుకోవడానికి వెళ్లేదాకా కాచుకుని, నా పక్కన చాప మీద కూర్చుంది. “మాటిచ్చినాము కోమలీ. నేను బతికుండంగానే దాన్ని నిలబెట్టల్ల” అంది.

ఏ మాట అని అడిగాను. అడిగేటప్పుడు నాకే సిగ్గేసింది.

పంకజకు మొదట ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురుటి నెలలోనే, ఇంకోడు బోర్లా పడే వయసులో. మూడోసారి ఆడపిల్ల పుట్టగానే అమ్మ పాత పద్ధతి చేయించింది. పిల్లలు దక్కని ఇంట్లో చేసేదే. బిడ్డను చేటలో పడుకోబెట్టి, గడప బయటపెట్టి, ఈ బిడ్డ మాకొద్దు, ఎవరికైనా కావాలా అని వీధిలోకి కేకేసింది. నేను ఎదురొచ్చి శేరు తవుడు పోసి కొనుక్కున్నాను. అమ్ముడుపోయిన బిడ్డ ఈ ఇంటిది కాదు, చావుకు ఈ ఇంట్లో పనిలేదు, అని నమ్మించడానికి. మామూలుగా అయితే ఆ సాయంత్రానికే తల్లికి తిరిగి ఇచ్చేస్తారు. కానీ సోది చెప్పే ముసలామె, ఏడేళ్లు నిండేదాకా కన్నతల్లి చెయ్యి ఈ బిడ్డ మీద పడకూడదంది. నా ఒడి ఎటూ ఖాళీగానే ఉంది. సరే అన్నాను. ఎంత సులువుగా అన్నానో.

పంకజ ఆ మాట అక్షరం తప్పకుండా నడిపింది. వచ్చినప్పుడల్లా గోడకు ఆనుకుని, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చునేది. ఒక్క ముద్ద తినిపించలేదు. ఒక్కసారి ఎత్తుకోలేదు. పిన్నమ్మా అని పిలిపించుకుంది. నాకు అది ఎంత హాయిగా ఉండేదో ఆ దేవుడికే తెలుసు.

అమ్మకు ఒకటే చెప్పాను. తవుడు పోసి కొన్నాను గదా, కొన్నది కొన్నదే అన్నాను. అమ్మ నా మొహం చూసి, మునక్కాయలు గిల్లుతూ కూర్చుంది.

ఏప్రిల్ 28

అమ్మకు వయసైంది. ఏదేదో మాట్లాడుతుంది. పంకజ నోటి నుంచి రానిదే నేనెందుకు బెంగపడాలి.

మే 2

గులాబీ రంగు గుడ్డ తెచ్చాను. కుచ్చుకు నడుము కొలతకు రెండింతలు గుడ్డ కావాలి. అంచున పొడుగు కుట్టు వేసి, దారం కొస పట్టుకుని మెల్లగా లాగుతూ పోవాలి. గుడ్డ దగ్గరికొచ్చి ముడుచుకుంటుంది. ఆశపడి గట్టిగా లాగామా, దారం పుటుక్కుమని తెగి అంతా మళ్లీ సాపుగా పరుచుకుంటుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. ఈరోజు మూడుసార్లు తెంపాను.

మహిత మిషన్ కింద కూర్చుని, దారం తెగినప్పుడల్లా నా కాలి మీద తట్టి, మళ్లీ చెయ్యి అంది. వంకాయ కూర వండానని మధ్యాహ్నం వీధంతా వినేట్టు గొడవ చేసింది. కంచం తోసేసింది. ఒకటి తగిలిద్దామని చెయ్యెత్తి, ఎత్తిన చేత్తోనే పెరుగన్నం కలిపి పెట్టాను. నన్ను నేనే తిట్టుకోవాలి.

మే 7

వచ్చారు. పంకజ, గిరిప్రసాద్ ఇద్దరూ. గిరిప్రసాద్ మంచివాడు, అదే నాకు కష్టం. దెబ్బలాడే మనిషైతే నా నోటికి ఇంత పని ఉండేది. మామిడిపళ్ల సంచి కింద పెట్టి, తల వంచుకుని, పుట్టినరోజు నాడు పద్ధతి ప్రకారం తీసుకుపోతామని చెప్పాడు. బడి కూడా మాట్లాడి పెట్టాడట.

నేను సెలవులకు తీసుకుపోండి, బడి తెరిచేలోగా పంపించండి అన్నాను. పంకజ లేచి నా దగ్గరకొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“అక్కా, అది నీళ్ల కడవలో పడబోయినప్పుడు గూడా నేను ముట్టుకోలా. నువ్వు యాడో ఉన్నింటే నిన్ను కేకేసినా. నా చేతులు ఈడనే ఉన్నాయి, నేను కేకేసినా” అంది.

నాకు గుర్తుంది ఆ రోజు. పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కుని, ఏం చూస్తూ నిలబడ్డావని పంకజనే తిట్టాను. వంటింట్లోకి వెళ్లి వాళ్లకు కాఫీ కలిపాను. చక్కెర వేశానో లేదో తెలియదు. తాగారు.

మే 8

సెలవులకే. ఎన్ని రోజులుంటుంది అక్కడ, వంకాయ తినదు, పంకజకు తెలియదు.

మే 12

మునికుమార్‌తో గొడవ పెట్టుకున్నాను. తిరుపతిలో ఇల్లు చూడు, ఎవరికీ చెప్పకుండా పోదాం, అక్కడ కుట్టేవాళ్లకు పనికేం తక్కువ అన్నాను. ఆటో ఎక్కడైనా తోలుకోవచ్చు గదా అన్నాను. విని విని, అతను ఆటో తుడుచుకునే గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. పిల్ల దొంగల్లాగా బతుకుదామా అని అడిగాడు. నాలో ఉన్నదంతా అతని మీద కక్కాను. నీకేం తెలుసు, నువ్వు కన్నావా అన్నాను. నువ్వు కన్నావా అని అతను తిరిగి అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టుకుని తేలికపడేవాళ్లం. బయటికి వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి.

మే 16

గౌను అయిపోయింది. లోపల మడత బాగా వదిలాను. రెండేళ్లు విప్పుకుంటూ తొడగొచ్చు. ఎవరు విప్పుతారో.

మహితకు ఇంకా చెప్పలేదు. పిన్నమ్మ ఊరికి సెలవులకు అని మాత్రం చెప్పాను. మామిడితోటలు, ఆవు ఉన్నాయని ఎగిరి గంతేసింది. నేను లేకుండానా అని కూడా అడగలేదు. నాకు కోపం వచ్చింది. తర్వాత అడిగింది, “నువ్వూ వస్తావు గదా” అని. వెనకాలే వస్తానన్నాను.

మే 18, ఆదివారం

తలంటి పోశాను. గౌను తొడిగాను. ఒక్క తిరుగు తిరిగేసరికి కుచ్చులన్నీ లేచి చుట్టూ నిలిచాయి. కోడి, కోడి అని మునికుమార్ అన్నాడు, అంటూనే పక్కకు తిరిగాడు.

చేటలో పడుకునే వయసు దాటిపోయింది కాబట్టి అమ్మ దాన్ని చేటలో నిలబెట్టింది. ఇదేం ఆట అవ్వా అని మహిత ఒకటే నవ్వు. ఆటేనన్నాం. అమ్మ గడపలో నిలబడి, ఈ బిడ్డ ఎవరిది, ఇస్తారా అని అడిగింది. పంకజ నా ఒడిలో తవుడు పోసింది. సగం నేల మీద పడింది. నేను చెప్పాల్సింది ఒక్క మాట. రాలేదు. అమ్మ మళ్లీ అడిగింది. మూడోసారి అడిగితే అశుభమని ముందే చెప్పింది. బిడ్డ ప్రాణం మీద నేను పందెం కాయలేను. అంత మొనగత్తెను కాను.

“అమ్మేసినా. తీసకపో” అన్నాను.

అన్నాక తిరిగి చూడకూడదు. లోపలికి నడిచి, గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాను. వెనక మహిత నవ్వు వినిపించింది. అమ్మా, అయిపోయిందా ఆట, అని పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆ తర్వాత నవ్వు లేదు. పంకజ దాన్ని ఎత్తుకుందట. ఏడేళ్లలో మొదటిసారి. ఎత్తుకుని నిలబడలేక గడపలోనే కూలబడిందని మునికుమార్ చెప్పాడు. నేను చూడలేదు. గిరిప్రసాద్ తెచ్చిన కారు కదిలేదాకా సున్నం పెచ్చులూడిన చోటునే చూస్తూ ఉన్నాను.

మే 19

మిషన్ మీద గుడ్డ కప్పాను.

మే 25, ఆదివారం

పంకజ ఫోన్ చేసింది. మహిత ఏడుస్తోందేమోనని ఎదురుచూశాను. ఏడవాలనే చూశాను, ఇక్కడ నాకు నేను అబద్ధం రాసుకోవడం దేనికి. ఏడవలేదట. పెట్టింది తింటోందట. వంకాయ కూడా. కంచం తనే కడుగుతోందట, పిలిస్తే ఒక్క పిలుపుకే వస్తోందట. “నువ్వు శానా బాగా పెంచినావక్కా” అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు గిన్నెలు తోమాను, తోమినవే.

నా దగ్గర కంచం విసిరిన పిల్ల అక్కడికి పోయి బంగారమైపోయింది. అంటే లోపం నా పెంపకంలోనే ఉంది. లేకపోతే రక్తం పలుకుతోంది. పలకనీ. నాకేం.

మే 29

పంకజ మహితకు ఫోన్ ఇచ్చింది. బాగున్నావా అంటే ఊ అంది. ఆవు బాగుందా అంటే ఊ అంది. నేనేమీ అల్లరి చేయడం లేదు అంది. సరేనన్నాను.

జూన్ 5

మరిచిపోతోంది. పిల్లలకు అదే మంచిది. నేనూ మరిచిపోతున్నాను, ఈరోజు పొద్దున లేచాక చాలాసేపు గుర్తే రాలేదు. ఇద్దరికి సరిపడా అన్నం వండడానికి చెయ్యి అలవాటు పడింది.

జూన్ 9

అబద్ధం. ముగ్గురికే వండుతున్నాను.

జూన్ 15, ఆదివారం

మునికుమార్ వద్దంటూనే నన్ను బస్సెక్కించాడు. చిత్తూరులో దిగి ఇంకో బస్సు. రోడ్డు పొడుగునా మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, అంతటా పులిసిన గుజ్జు వాసన. బడి తెరిచారు, కొత్త పుస్తకాల సంచి కుట్టాను, అది ఇవ్వాలని వంక.

మహిత స్తంభం దగ్గర నిలబడి ఉంది. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, ఒక్క వెంట్రుక చెదరలేదు. నన్ను చూసి పరిగెత్తలేదు. ముందు పంకజ వైపు చూసింది. పంకజ పొమ్మన్నాక వచ్చింది. వచ్చి నా చెయ్యి పట్టుకుని నిలబడింది, అంతే. గులాబీ గౌనే వేసుకుని ఉంది. పంకజ దాన్ని ఇస్త్రీ చేయించింది. కుచ్చులన్నిటినీ పెట్టె కింద పెట్టి అట్టలాగా నొక్కించింది. నాకు ఒళ్లు మండిపోయింది. కుచ్చులకు ఇస్త్రీ పెడతారా ఎక్కడన్నా అని దులిపేశాను. తెలియదక్కా, బాగుండాలని చేయించినా, అంది పంకజ. ఆ మొహం చూశాక కొంచెం తగ్గాను.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మెల్లగా చెప్పింది. అమ్మా అని పిలువు అంటే పిలిచిందట. అడిగినవన్నీ చేస్తుందట. “కానీ నా పక్కన పండుకున్యాక కదలను గూడా కదలదక్కా. మీద చెయ్యేస్తే బిగదీసుకుంటాది. ఏడేండ్లు కాచుకున్యా ఈ చెయ్యెయ్యడానికి” అంది. కళ్లు తుడుచుకుని, ఉల్లిపాయలని నవ్వింది. మహితకు అని వేరే గిన్నెలో ఆలుగడ్డ వేపుడు చేసింది. వంకాయ తినేటప్పుడు కళ్లల్లో నీళ్లు తిరగడం కనిపెట్టిందట, మళ్లీ వండలేదట. నేను చెప్పకుండానే తెలుసుకుంది.

అన్నం వడ్డించేలోగా మహిత నన్ను ఆవు కొట్టం వెనక్కి లాక్కుపోయింది. అటూ ఇటూ చూసి, గడ్డివామిలో చెయ్యి పెట్టి తన టిఫిన్ డబ్బా తీసింది. మూత తీసి చూపించింది. తవుడు. ఆవుకు పెట్టేటప్పుడు రోజూ పిడికెడు దాచిందట.

“ఇది ఇచ్చి నన్ను కొనుక్కోమ్మా” అంది.

కింద కూర్చున్నాను. నిన్నెవరూ అమ్మలేదు తల్లీ, అది ఉత్త ఆట అన్నాను.

“నేను సూసినా. నువ్వే అమ్మేసినా అన్నావు. పిలిస్తే తిరిగి గూడా సూడలా.” ఏడవడం లేదు, లెక్క చెప్పినట్టు చెబుతోంది. “ఇంక గొడవ చెయ్యను. వంకాయ గూడా తింటా. ఈడ అందర్నీ అడుగు.”

నెల రోజులుగా నేను కుళ్లుకుంటున్న బంగారం ఇదా. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఏడ్చాను, కొట్టంలో ఆవు బెదిరేట్టు ఏడ్చాను. ఆ డబ్బా తీసుకుంటే చాలు, పిల్ల నాతో బస్సెక్కుతుంది. గిరిప్రసాద్ తల వంచుకుంటాడు. పంకజ ఆపదు. తీసకపో అక్కా, యాడున్నా బతికుంటే సాలు అంటుంది, మళ్లీ చేతులు కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుంటుంది. దానికి అది అలవాటే. ఆపదు కాబట్టే నా చెయ్యి ముందుకు పోలేదు.

అమ్మలేదంటే ఇది నమ్మదు. ఈమే నీ కన్నతల్లి అంటే, నన్ను వదిలించుకోవడానికి చెబుతున్నావంటుంది. నేను తీసుకోను అంటే ఆ పసిదాని ప్రాణం ఏమవుతుందో. దాని కళ్లు డబ్బా మీదే ఉన్నాయి. లోపలి నుంచి పంకజ అన్నానికి పిలుస్తోంది, మహితా, మహితా అని, ఇంకా కొత్తగా, భయపడుతూ.

నేను డబ్బా చేతిలోకి తీసుకుని, బరువు చూసినట్టు చూశాను. చాలదన్నాను.

“ఎంత కావల్ల?” అంది.

చేట నిండా కావాలన్నాను. తొందరపడి ఒకేసారి తీస్తే ఆవు పస్తుంటుంది, కొంచెం కొంచెంగానే దాచాలన్నాను. ఈలోగా బడికి పోవాలి, కడుపు నిండా తినాలి, పిన్నమ్మ పక్కన భయపడకుండా పడుకోవాలన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ చేట నిండేలోగా అది మరిచిపోవాలని. మరిచిపోతుందా, ఏమో. ఇది నేను చేసిన మంచో, పాపమో, బస్సులో వచ్చినంతసేపూ తేలలేదు.

మహిత డబ్బాకు మూత పెట్టి, గడ్డిలో లోపలికి తోసి, పైన సర్దింది. చేతులు గౌనుకు తుడుచుకుని, సరేనని తల ఊపి, అన్నం తినడానికి లోపలికి పోయింది.